రాజమండ్రి మీదుగా పోయే పదిహేడో గీత

ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల రేఖ రాజమహేంద్రవరం నగరంలోంచే వెళ్తుందని పోయిన సంచికలో ఒక వాక్యం రాశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇవీ జవాబులు.

ఆ రేఖ మీదే తూర్పుకు బయల్దేరి భూమిని చుట్టి వస్తే ఏయే దేశాలు, సముద్రాలు తగులుతాయి? పిల్లలకు అట్లాసులో చూపించాలి. — గృహిణి, కొవ్వూరు

రాజమండ్రి దాటాక రేఖ అనపర్తికి కాస్త ఎగువగా సాగి, కాకినాడకు ఉత్తరపు అంచున వాకలపూడి వైపు తీరం దాటుతుంది. అక్కడి నుంచి సుమారు 1,300 కి.మీ. బంగాళాఖాతమే. దారిలో ఒక్క దీవి కూడా రాదు. అండమాన్లు బాగా దక్షిణాన, 14 డిగ్రీలకు దిగువనే ఉండిపోతాయి.

అవతలి ఒడ్డు మయన్మార్. ఛౌంగ్‌తా అనే చిన్న బీచ్ ఊరి దగ్గర రేఖ గట్టెక్కుతుంది. అక్కడికి తూర్పున, రేఖకు ఇరవై కి.మీ. దక్షిణాన ఉన్నది యాంగోన్, మన పెద్దవాళ్ళ మాటలో రంగం. కాకినాడ, కోరంగి రేవుల నుంచి కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడివాళ్ళు ‘కొరంగీలు’ అనేవారు. అట్లాసులో కాకినాడకూ రంగానికీ మధ్య స్కేలు పెట్టి చూడండి, రెండూ దాదాపు ఒకే గీత మీద కనిపిస్తాయి. ఓడలు మాత్రం ఆ గీత పట్టుకుని పోలేదు. ఐరావతి డెల్టా అడ్డం వస్తుంది కాబట్టి 16 డిగ్రీల దగ్గరున్న నెగ్రాయిస్ అగ్రం దాకా దిగి, డెల్టాను చుట్టి, మళ్ళీ ఉత్తరానికి మళ్ళి నదిలోకి ఎక్కాల్సి వచ్చేది.

తర్వాత థాయిలాండ్. పాత రాజధాని సుఖోథాయ్ దాదాపు రేఖ మీదే ఉంది. లావోస్ సరిహద్దులో సవన్నఖేత్, థాఖేక్ పట్టణాల మధ్య మెకాంగ్ నదిని దాటుతుంది. వియత్నాం అక్కడ సన్నటి పట్టీ. దాని సంగతి కింద వేరే జవాబులో ఉంది. దక్షిణ చైనా సముద్రంలో పారాసెల్ పగడపు దీవుల ఉత్తర భాగాన్ని రాసుకుంటూ ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవికి చేరుతుంది. కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి వరి పండించే బనావే ఊరు రేఖకు పది కి.మీ. లోపే ఉంది. వరి పండించే ఇళ్ళ పిల్లలకు ఆ ఫొటో తప్పకుండా చూపించండి.

లూజాన్ తూర్పు గట్టు దాటితే ఇక పసిఫిక్. సుమారు 14,600 కి.మీ. నేలన్నదే లేదు. మరియానా దీవుల వరసలో సారిగాన్, గుగువాన్ దీవుల సందులోంచి జారిపోతుంది. జాన్‌స్టన్ పగడపు దీవి ముప్ఫై కి.మీ. దూరంలో తప్పిపోతుంది. పిల్లలు అట్లాసులో దీవుల కోసం ఎక్కువగా వెతికేది ఇక్కడే. లేవని ముందే చెప్పండి.

మళ్ళీ నేల తగిలేది మెక్సికోలో, అకాపుల్కోకు కాస్త ఉత్తరాన. ఓక్సాకా నగరం రేఖకు ఆరేడు కి.మీ. ఎగువన ఉంది. గ్వాటెమాలాలో పెతేన్ ఇట్జా చెరువు మీదుగా, బెలీజ్‌లో డాంగ్రీగా పక్కనుంచి కరీబియన్ సముద్రంలోకి దిగి, ఆంటిగ్వా దక్షిణ తీరాన్ని ఆనుకుని అట్లాంటిక్‌లో పడుతుంది. అట్లాంటిక్‌లో తగిలే నేల కేప్ వెర్దే దీవుల్లోని శాంతో ఆంతావ్.

ఆఫ్రికా ఈ రేఖ మీద అతి పెద్ద నేల, సుమారు 5,900 కి.మీ. మారిటానియా, మాలి, నైజర్, చాద్, సూడాన్, ఎరిట్రియా వరసగా వస్తాయి. మాలిలో టింబక్టూ రేఖకు పాతిక కి.మీ. దక్షిణాన ఉంటుంది. సూడాన్‌లో మెరోవే పిరమిడ్లు దాదాపు రేఖ మీదే ఉన్నాయి. ఈజిప్టువాటికంటే చిన్నవి, వాలు బాగా నిటారు. నైజర్‌లోని అగదెజ్ ఊళ్ళో పదహారో శతాబ్దపు మట్టి మినారు ఒకటుంది, ఎత్తు 27 మీటర్లు. దాని ఒళ్ళంతా కర్రలు బయటికి పొడుచుకుని కనిపిస్తాయి. కొందరు అలంకారమనుకుంటారు గానీ, వానకు గోడ కరిగినప్పుడు మళ్ళీ మట్టి మెత్తేవాళ్ళు కాళ్ళు పెట్టి ఎక్కేది వాటి మీదే. మినారులోనే కట్టిపెట్టిన సారవ అన్నమాట.

ఎర్ర సముద్రం దాటాక సౌదీలో జాజాన్‌కు ఎగువగా, యెమెన్‌లో సాదా పక్కగా సాగి, ఒమన్‌లో సలాలా దగ్గర అరేబియా సముద్రాన్ని చేరుతుంది. సుమారు రెండు వేల కి.మీ. నీళ్ళు దాటితే మన రత్నగిరి. 1885లో గద్దె దించిన బర్మా రాజు తీబాను బ్రిటిష్‌వాళ్ళు ప్రవాసం ఉంచిన ఊరు అదే, ఆయన 1916లో పోయింది కూడా అక్కడే. తర్వాత సాంగ్లీ, విజయపుర నగరాలకు ఎగువన, షాద్‌నగర్‌కు కాస్త దిగువన వచ్చి, కోదాడ ఊరి మీదుగా, చింతలపూడికి దక్షిణంగా రాజమండ్రికి తిరిగి చేరుతుంది.

మొత్తం చుట్టు ఎంత? 40,000 కి.మీ. అనుకోవచ్చా? — ఇంటర్ విద్యార్థి, నల్గొండ

అనుకోకూడదు, అది భూమధ్యరేఖ కొలత. 17 డిగ్రీల దగ్గర చుట్టు సుమారు 38,335 కి.మీ. ఇక్కడ ఒక డిగ్రీ రేఖాంశం తూర్పు పడమరలుగా 106.5 కి.మీ., ఒక డిగ్రీ అక్షాంశం ఉత్తర దక్షిణాలుగా 110.7 కి.మీ. రెంటికీ ఒకే 111 వేసి లెక్కకడితే రత్నగిరి నుంచి కాకినాడ దాకా నలభై కి.మీ. ఎక్కువ వస్తుంది. అసలు దూరం 960 కి.మీ. లోపే.

ఒకే అక్షాంశం అంటే ఒకే ఎండ కదా! మరి అగదెజ్ ఎడారి ఎందుకైంది, రత్నగిరిలో అంత వాన ఎందుకు? — రైతు, నిడదవోలు

ఎండ విషయంలో మీ మాట నిజం. ఈ గీత మీద ఎక్కడైనా సంవత్సరంలో అతి పెద్ద పగలు సుమారు 13 గంటల 9 నిమిషాలు, అతి చిన్నది 11 గంటల 7 నిమిషాలు. సూర్యుడు నడినెత్తికి వచ్చే రోజులూ ఒకటే. అక్షాంశం పంచేది అంతవరకే. వాన సంగతి గాలి ఎటునుంచి వస్తోంది, దారిలో నీళ్ళు తాగిందా లేదా, ముందు కొండ ఉందా అన్నదాని మీద ఉంటుంది.

మన దేశంలోనే చూడండి. నైరుతి గాలి రెండు వేల కి.మీ. అరేబియా సముద్రం మీద నీరు పట్టుకుని వచ్చి రత్నగిరి ఒడ్డెక్కుతుంది. అరవై కి.మీ. లోపలే సహ్యాద్రి గోడ. గాలి పైకి లేచి, చల్లబడి, బరువు దించుకుంటుంది. రత్నగిరిలో ఏటా 3,000 మి.మీ. పైన కురుస్తుంది. కొండ దాటి దిగే గాలి వేడెక్కి ఎండిపోతుంది. అందుకే రెండున్నర వందల కి.మీ. తూర్పున ఉన్న విజయపురలో 600 మి.మీ. దరిదాపే. మరి మీ గోదావరి జిల్లాలకు మళ్ళీ వెయ్యి, పన్నెండు వందలు ఎలా వస్తోంది? ఆ నీరు చాలావరకు బంగాళాఖాతం అల్పపీడనాలది. పడమటి గాలి మిగిల్చిన లోటును తూర్పు సముద్రం పూడుస్తోంది. తుపాను కూడా ఆ దారినే వస్తుంది. రెంటినీ విడదీసి ఒకటే కోరుకోవడం కుదరదు.

వియత్నాం తీరంలో ఇదే కథ తిరగబడుతుంది. జూన్, జూలైల్లో నైరుతి వాన లావోస్ కొండల మీదే దిగిపోతుంది. అవతలికి దిగే వేడి పొడిగాలిని అక్కడివాళ్ళు ‘లావో గాలి’ అంటారు. వాళ్ళ అసలు వానకాలం సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య గాలి సముద్రం మీదనుంచి వచ్చినప్పుడు. శాంతో ఆంతావ్ దీవి ఇంకా చిన్న నమూనా. ఈశాన్య గాలికి ఎదురున్న ఉత్తరపు లోయల్లో చెరకు, అరటి పండుతాయి. కొండ వెనుక, రేఖ మీదున్న పోర్టో నోవో వైపు నేల బోడిగా ఉంటుంది.

అగదెజ్‌కు సముద్రం బహుదూరం. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈశాన్యం నుంచి సహారా పొడిగాలే వీస్తుంది. గినియా సింధుశాఖ తేమ గాలి అంత దూరం ఎగబాకేది జూలై, ఆగస్టుల్లో కొద్ది వారాలు. ఏటా 150 మి.మీ. అటూ ఇటూ వాన, అదీ నాలుగు గట్టి జల్లులుగా పడిపోతుంది.

వీటన్నిటిలోకీ విచిత్రమైనది సలాలా. అక్కడ మన వాన కొలమానం పనికిరాదు. ఏటా పడేది వంద మి.మీ. పైచిలుకే, అయినా జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా కొండలు పచ్చగా ఉంటాయి. నైరుతి గాలి తీరం వెంట ఏటవాలుగా వీచి పైనున్న వేడి నీటిని సముద్రం లోపలికి నెట్టేస్తుంది. దాని జాగాలోకి అడుగునుంచి చల్లటి నీరు ఉబికి వస్తుంది. ఆ చల్లటి నీటి మీద తేమ గాలి పొగమంచుగా మారి, ధోఫార్ కొండలకు కొట్టుకుని అక్కడే నిలిచిపోతుంది. పైన వేడి గాలి మూతలా ఉంటుంది కనుక మబ్బు ఎదిగి గట్టి వాన కావడానికి వీల్లేదు. చెట్ల ఆకులకు మంచు పట్టి, బొట్లుబొట్లుగా మొదట్లోకి కారుతుంది. చెట్టున్న చోట నేల తడిసి, చెట్టు కొట్టేసిన చోట పక్కనే పొడిగా ఉండేది అందుకే. ఒంటెలూ పశువులూ అతిగా మేసిన కొండవాలులో మళ్ళీ చెట్టు లేవడం కష్టం కావడానికి కారణమూ అదే. కొండ వెనుక మంచు అందని పొడి నేలలో సాంబ్రాణి చెట్లుంటాయి. ఆ కాలాన్ని వాళ్ళు ‘ఖరీఫ్’ అంటారు. మనం తొలకరి పంటకు వాడే మాట కూడా ఆ అరబ్బీ మాటే.

వియత్నాంను రెండుగా చీల్చింది ఈ రేఖేనా? — విశ్రాంత ఉద్యోగి, విజయవాడ

పేరుకు ఇదే, నేల మీద మాత్రం నది. 1954 జూలైలో జెనీవా ఒప్పందం ప్రకారం గీసిన తాత్కాలిక సైనిక విభజన రేఖ, తీరం నుంచి బెన్ హాయ్ నది వెంట ఎగువకు పోయి, అక్కణ్ణుంచి లావోస్ సరిహద్దు దాకా సాగింది. నది మెలికలు తిరుగుతుంది కనుక విభజన రేఖ 17 డిగ్రీల గీతకు ఒకచోట ఎగువన, మరోచోట దిగువన ఉండేది. దానికి రెండువైపులా అయిదేసి కి.మీ. సైన్యం ఉండకూడని పట్టీ. హియెన్ లువోంగ్ వంతెన ఆ నది మీదిదే. నేల మీద చూపించడానికి గీతకంటే నది తేలిక, ఎవరు ఎటున్నారో తగువుండదు. అట్లాసుల్లో ‘17వ సమాంతరం’ అని తిన్నటి గీత వేసి చూపించడం వల్లే ఈ అనుమానం వస్తోంది. దేశం అధికారికంగా ఒకటైంది 1976లో.

మా బడి కోదాడలో ఉంది. పరికరాలేవీ లేకుండా 17 డిగ్రీలని పిల్లల చేత నిరూపించగలమా? — ఉపాధ్యాయిని

తప్పకుండా. పైగా కోదాడ ఇందుకు మంచి చోటు. ఊరు రేఖ మీదే ఉంది. 17 డిగ్రీల అక్షాంశం, 80 డిగ్రీల రేఖాంశం కలిసే బిందువు మీకు నాలుగు కి.మీ. తూర్పునే.

మార్చి 20–21 గానీ సెప్టెంబరు 22–23 గానీ ఎంచుకోండి, ఆ రోజుల్లో సూర్యుడు భూమధ్యరేఖ మీద ఉంటాడు. మట్టంగా ఉన్న సిమెంటు గచ్చు చూసుకోండి. గచ్చు మీద నీళ్ళు పోస్తే ఒకే వైపు పరుగెత్తకూడదు. నేల నుంచి కొస దాకా సరిగ్గా 100 సెం.మీ. ఉండేలా కర్ర నిలబెట్టండి. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉందో లేదో రెండు వైపుల నుంచి చూడండి. ఒక వైపే చూసి వదిలేయడమే తరచుగా జరిగే పొరపాటు. కర్ర ఒక డిగ్రీ ఉత్తరానికో దక్షిణానికో వాలితే జవాబు ఒక డిగ్రీ తప్పుతుంది. అంటే నేల మీద 110 కి.మీ.

కర్ర కొస నీడ అంచు మసకగా ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ కాబట్టి. దీనికి చిట్కా ఉంది. కొసన అట్టముక్క అడ్డంగా పెట్టి, మూడు మిల్లీమీటర్ల కన్నం చేయండి. అప్పుడు నేల మీద దాదాపు సెంటీమీటరు వెడల్పున్న గుండ్రటి వెలుగు మచ్చ పడుతుంది. దాని మధ్యలో గుర్తు పెట్టండి. ఎత్తు కొలిచేటప్పుడు కన్నం దాకా కొలవాలి, అట్ట పై అంచు దాకా కాదు.

నడిమధ్యాహ్నం గడియారంలో పన్నెండుకు రాదు. కోదాడలో మార్చి 20న దాదాపు 12:18కి, సెప్టెంబరు 23న దాదాపు 12:03కి వస్తుంది. గంట ముందు నుంచే ప్రతి అయిదు నిమిషాలకూ గుర్తు పెడుతూ పోండి. కర్ర మొదటి నుంచి అతి దగ్గరగా పడిన గుర్తే మీకు కావలసింది. అది 30.6 సెం.మీ. రావాలి. కాగితం మీద పదో వంతు స్కేలులో, అంటే 10 సెం.మీ. నిలువు, 3.06 సెం.మీ. అడ్డం గీసి, కొసలు కలిపి, పై కొస దగ్గర కోణమానిని పెడితే 17 కనిపిస్తుంది. త్రికోణమితి రాని ఏడో తరగతి పిల్లలకూ ఇది అందుతుంది. నీడ కొలతలో ఒక సెంటీమీటరు తేడా అంటే అక్షాంశంలో అర డిగ్రీ, యాభై ఎనిమిది కి.మీ. ఈ లెక్క పిల్లల చేతే చేయించండి. జాగ్రత్తగా కొలవాలన్న సంగతి అప్పుడు మనసుకెక్కుతుంది.

వేరే రోజుల్లో చేస్తే సూర్యుడి స్థానం కలపాలి. డిసెంబరు 21న నీడ 85.2 సెం.మీ., కోణం 40.4 డిగ్రీలు, సూర్యుడు 23.4 డిగ్రీలు దక్షిణాన ఉంటాడు కనుక తీసేస్తే 17. జూన్ 21న నీడ 11.3 సెం.మీ. మాత్రమే, అదీ దక్షిణానికి పడుతుంది. ఆ కోణాన్ని, అంటే 6.4ను, 23.4 లోంచి తీసేయాలి. చాలామంది అలవాటు కొద్దీ కలిపేసి 30 డిగ్రీలు తెచ్చుకుంటారు. అది దాదాపు హరిద్వార్ అక్షాంశం.

నీడ అసలే పడని రోజు ఎప్పుడు? — పదో తరగతి విద్యార్థిని, రాజమహేంద్రవరం

మే 8 దరిదాపుల్లో మీ గడియారం 11:59కి, ఆగస్టు 5 దరిదాపుల్లో 12:09కి. రెండోది వానాకాలం కాబట్టి మబ్బు పట్టే అవకాశమే ఎక్కువ. మే నెలదే నమ్ముకోండి. గొట్టం ఒకటి నిటారుగా నిలబెడితే ఎండ లోపలి అడుగు దాకా దిగుతుంది.

సర్వే పటంలో మా పొలం 17°30′ అని ఉంది. ఫోనులో 17.30 చోటికి వెళ్తే వేరే ఊరు వస్తోంది. ఏది తప్పు? — సూర్యాపేట జిల్లా

రెండూ సరైనవే, మీరు కలిపి చదవడంలోనే తేడా. 30 నిమిషాలంటే అర డిగ్రీ, దశాంశంలో 17.50. మీరు 17.30 దగ్గరికి వెళ్ళారంటే 22 కి.మీ. దక్షిణాన నిలబడ్డారు. నిమిషాలను 60తో, సెకన్లను 3,600తో భాగించి డిగ్రీలకు కలపాలి. పటం పాతదైతే ఇంకో మాట. వెనకటి సర్వే పటాలు భూమి ఆకారానికి ఎవరెస్ట్ అనే పాత లెక్క తీసుకుని గీసినవి, ఫోను వాడేది వేరే లెక్క. మార్చకుండా వాడితే వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. గట్టు తగువుల్లో ఫోను అంకె చూపించి వాదించకండి, సర్వేయరుతో కొలిపించండి. ఆరుబయట నిలబడినా ఫోను నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చెబుతుంది. అందువల్ల దశాంశం తర్వాత నాలుగంకెలు చాలు. అయిదో అంకె దగ్గర ఒక్క అంకె మారితే మీటరు పైచిలుకు, అంత నికరంగా ఫోను చెప్పలేదు.

రాజమండ్రి, ఓక్సాకా ఒకే రేఖ మీద ఉన్నాయి కదా, నేరుగా ఆ రేఖ పట్టుకుని ఎగిరితే దగ్గరి దారి అవుతుందా? — అమలాపురం

కాదు, చుట్టుదారి అవుతుంది. ఇంట్లో గ్లోబు ఉంటే దారం ఒకటి తీసుకుని ఒక కొస రాజమండ్రి మీద, రెండో కొస ఓక్సాకా మీద పెట్టి బిగించి చూడండి. దారం 17వ గీత మీద నిలవదు, ఉత్తరానికి జారిపోతుంది. రెండు ఊళ్ళ రేఖాంశాలకూ తేడా దాదాపు 178.5 డిగ్రీలు, అంటే భూగోళానికి అటువైపూ ఇటువైపూ ఉన్నట్టే. రేఖ వెంట వెళ్తే సుమారు 19,000 కి.మీ. దారం బిగిసిన దారిన వెళ్తే 16,230 కి.మీ. చదునైన పటం ఈ సంగతి దాచేస్తుంది, దానిలో అక్షాంశమే తిన్నటి గీతగా కనిపిస్తుంది కాబట్టి. ఆ దగ్గరి దారిలో మీ విమానం హిమాలయాలు, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి దాదాపు 270 కి.మీ. దూరంలోంచి వెళ్ళి, కెనడా మీదుగా మెక్సికోకు దిగుతుంది.